గొంతుకొక వాటా

చెరుకు ఏపుగా ఎదిగితే ఊళ్లో అందరికీ సంతోషమే. గుంటెడు చెరుకు కూడా లేని ఎర్రన్నకు మాత్రం ఇంకొంచెం ఎక్కువ సంతోషం. చెరుకు మనిషెత్తు దాటిందంటే అడవిపందులు దిగుతాయి. పందులు దిగితే జనం ఆయన వాకిట్లోకి వస్తారు. మిగతా కాలమంతా ఆ వాకిట్లోకి పక్కింటి కోళ్లు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. భార్య సాయవ్వ పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. మాట్లాడటానికి మనిషి లేక ఎర్రన్న పొయ్యి మీద పొగలో వేలాడే వెదురు విల్లుతో మాట్లాడేవాడు. పొగ తగలకపోతే విల్లుకు పురుగు పడుతుంది కనుక రోజూ పొయ్యి వెలిగించేవాడు. వెలిగించినందుకు ఇంత వండుకుని తినేవాడు. అంటే ఆ మనిషిని బతికిస్తున్నది ఆ విల్లే అనుకోవాలి.

రుద్రూరుకు దగ్గరలోని ఆ ఊళ్లో పందివేట ఒక్కడి పని కాదు. వెదురు విల్లు బాణం కాస్త దూరం పోయేసరికి బలం తగ్గిపోతుంది, పందికి దురద కూడా పుట్టదు. అందుకని ఊరి జనం చేనుకు మూడు వైపులా నిలబడి, డబ్బాలు కొట్టి, "హో... హో..." అని కేకలు వేసి, పందిని నాలుగో వైపుకు తోలాలి. అక్కడ ఎర్రన్న బాణం సంధించి నిలబడతాడు. విల్లును లాగిపట్టి ఎక్కువసేపు ఉండటం ఎవరి తరమూ కాదు, చెయ్యి వణుకుతుంది. కేకలు ఎంత దగ్గరికి వచ్చాయో చెవులతో అంచనా వేసుకుని, సరిగ్గా పంది బయటపడే క్షణానికి లాగి వదలాలి. బాణం ఆయనదే, కాని పందిని ఆయన ముందుకు తెచ్చేది ఊరి గొంతు.

అందుకే పంపకానికి ఒక కట్టుబాటు ఉండేది. గొంతుకొక వాటా. కేక వేసినవాళ్లందరికీ సమానం, వేయనివాడు పటేలైనా సరే ఉత్త చేతులతో పోవలసిందే. ఎర్రన్న తన వాకిట్లో మోదుగాకులు పరిచి, కేక ఎటు నుంచి వేశారో ఒక్కొక్కరినీ అడిగి మరీ వాటా వేసేవాడు.

"నీ గొంతు యాడికెళ్లి ఇనబడ్డది?"

"వాగు దిక్కుకెళ్లి" అనేది లింగవ్వ. ఆమెది ఎదురిల్లు. ఆమెకూ ఎవరూ లేరు. గొంతు మాత్రం ఊళ్లో అందరికంటే పెద్దది.

"నిన్ను అడుగుడెందుకక్కా! నీ గొంతు బోధన్ దాకా ఇనబడ్డది" అనేవాడు ఎర్రన్న. ఏటా అదే మాట, ఏటా అందరిదీ అదే నవ్వు. తరువాత అక్కడే పొయ్యిలు పెట్టి వండుకుని, పొద్దుగూకేదాకా తింటూ, ఒకరి కేకను ఒకరు వెక్కిరించుకుంటూ కూర్చునేవారు. సాయవ్వ పోయాక ఎర్రన్న ఏడాది పొడుగునా ఆ పూట కోసమే కాచుకుని ఉండేవాడు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో భూమన్న వచ్చి దాన్ని కాస్తా చెడగొట్టాడు. పాపం, చెడగొట్టాలని కాదు. ఎర్రన్నకు వరసకు తమ్ముడి కొడుకు, చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇనుము కనిపిస్తే చేతులు ఊరుకోని రకం. నిజామాబాదులో పాత జీపు కింద ఉండే ఇనుప కమాను పట్టీ ఒకటి కొని, దాన్ని టేకు కట్టెకు అడ్డంగా బిగించి, ఇనుప తీగ కట్టి, కింద తుపాకికి ఉన్నట్టు మీట పెట్టుకొచ్చాడు.

"ఏందిర గిది?" అన్నాడు ఎర్రన్న.

"విల్లే కాకా. జర అడ్డం పండుకున్నది. కాలుతోని తొక్కిపట్టి తీగను గుంజి కొక్కానికి తగిలిస్తే ఇగ అట్లనే ఉంటది. నువ్వు బీడి తాగు, కునుకు తియ్యి, అది వణకది. పంది రాంగనే మీట నొక్కుడే."

గోనెసంచిలో ఊక కూరి ఇద్దరూ పందెం వేశారు. భూమన్న ఆపసోపాలు పడుతూ రెండోసారి తీగ లాగేలోపల ఎర్రన్న బాణం మీద బాణం వేసి సంచిని ముళ్లపందిని చేశాడు. జనం ఈలలు వేశారు. అప్పుడు భూమన్న అంతకు రెండింతల దూరం వెనక్కి నడిచి, తాపీగా గురి చూసి, మీట నొక్కాడు. బాణం సంచిలో దూరి, అవతలికి వచ్చి, వెనకనున్న వేపచెట్టులో దిగబడింది. ఈలలు ఆగిపోయాయి.

"అంటే ఇగ డబ్బలు కొట్టే పని లేదన్నట్టు" అన్నారు ఎవరో. ఆ మాట అందరికీ నచ్చింది. చెరుకు కోతల కాలం, ఎవరి చేను పని వాళ్లకు మెడమీద ఉంది. పంది కోసం పూటంతా గొంతు చించుకోవడం ఎవరికి సరదా?

భూమన్నకు ఫ్యాక్టరీ డ్యూటీ వదలదు. "నీ కన్ను ఎవ్వలకున్నది కాకా? మంచె మీద నువ్వే కూసో" అన్నాడు. పొగిడితే పడని మనిషి ఉండడు. ఎర్రన్న అక్కడే పడ్డాడు.

మొదటి పంది తెల్లవారుజామున వచ్చింది. ఎవరూ తోలలేదు, తరమలేదు. దాని మానాన అది గట్టు మీదికి వచ్చి చెరుకు గడ విరుచుకుంది. అడ్డవిల్లు మంచె కట్టె మీద కదలకుండా ఉంది. ఎర్రన్న మీట నొక్కాడు. పంది నాలుగడుగులు వేసి పడిపోయింది. అంత చప్పుడు లేని వేట ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎవరికైనా చెబుదామని పక్కకు తిరిగాడు. చెరుకాకులు ఊగుతున్నాయి.

"పడ్డదీ!" అని అరిచాడు. పలికినవారు లేరు. పొద్దెక్కాక ఇద్దరు బండి తోలుకొచ్చి, పందిని ఆయన వాకిట్లో దింపి, చేన్లకు పోయారు. ఆ తరువాత గిన్నెలు వచ్చాయి. గిన్నె నింపించుకుని పోయినవాళ్లే కాని కూర్చున్నవాళ్లు లేరు. "జరసేపు కూసో" అంటే "పనున్నదే అన్నా" అనేవారు. లింగవ్వ కూడా దగ్గుతో మంచం పట్టి, వేరేవాళ్ల చేత గిన్నె పంపింది. ఆ చలికాలమంతా ఇదే తంతు. ఎన్నడూ లేనంత మాంసం ఆ వాకిట్లో తెగింది, ఎన్నడూ లేనంత ఒంటరిగా ఎర్రన్న దాన్ని వండుకుని తిన్నాడు. ఒకపూట ముద్ద మింగుడుపడక ఏడ్చాడు కూడా.

కోతలు ముగిసే ముందు పెద్ద పంది ఒకటి పడింది. ఆ పొద్దు ఎర్రన్న వాకిలి ఊడ్చి, మోదుగాకులు తెచ్చి, వెనకటిలాగా వరసగా పరిచాడు. జనం గిన్నెలతో వచ్చారు. ముందున్నవాడిని అడిగాడు.

"నీ గొంతు యాడికెళ్లి ఇనబడ్డది?"

అందరూ నవ్వారు. ఎర్రన్న నవ్వలేదు.

"గొంతు ఇనబడనోళ్లకు వాటా లేదు."

ఆ పొద్దు సెలవులో ఉన్న భూమన్న ముందుకొచ్చాడు. "ఏం కాకా, గిదేం ముచ్చట? అడ్డవిల్లుకు గొంతెందుకు?"

"విల్లుకొద్దుర" అన్నాడు ఎర్రన్న. "నాకు కావాలె."

ఆ క్షణంలో ఒక్కరు కేక వేసినా సరిపోయేది. కాని గిన్నెలు పట్టుకుని నిలబడ్డ జనానికి రోషం ముందు వచ్చింది. "బుక్కెడు కూర కోసం నీ ముంగట నక్కల లెక్క కూయాల్నా? నువ్వే తిను!" అని ఒకడు వెనుదిరిగాడు. ఒకడు తిరిగితే మిగిలినవాళ్లు ఆగుతారా? భూమన్న గోడకు ఆనించిన అడ్డవిల్లును భుజాన వేసుకుని పోయాడు.

మధ్యాహ్నమైంది. వాకిలి నిండా ఖాళీ ఆకులు. మధ్యలో పంది, దాని మీద ఈగలు. గిన్నె కోసమైనా వచ్చే నలుగురినీ తన నోటితో తానే తరిమేసుకున్నానని ఎర్రన్నకు అప్పటికి బాగా తెలిసింది. ఇంటింటికీ పోయి బతిమాలుదామా అనుకున్నాడు. పోలేదు. పొయ్యి కూడా ముట్టించలేదు. ఒక్కొక్క ఆకూ గాలికి గోడవారకు పోతోంది.

అప్పుడు గోడ అవతలి నుంచి వినిపించింది. "హో..." తరువాత దగ్గు. దగ్గు తెరిపి ఇచ్చాక మళ్లీ, "హో... హో..."

లింగవ్వ తడికె తోసుకుని వచ్చింది. మనిషి సగమైంది. ఆ గొంతు ఇప్పుడు వీధి కూడా దాటదు. వచ్చి ఎర్రన్న ఎదుట నిలబడింది.

"ఏం, అడుగవా?"

ఎర్రన్న గోడవారకు పోయిన ఆకు ఒకటి తెచ్చి పరిచాడు. అప్పుడు అడిగాడు. "నీ గొంతు... యాడికెళ్లి ఇనబడ్డదక్కా?"

"గోడ అవతలికెళ్లి. ఇనబడ్డదా?"

"ఇనబడ్డది."

ఆయన కత్తి తీసుకుని, ఒక వాటా కోసి, ఆకులో పెట్టి ఆమె ముందుకు జరిపాడు. తీసుకుపోవడానికి ఆమె చేతిలో గిన్నె లేదు. ఎర్రన్న లోపలికి పోయి గిన్నె తేబోతుంటే లింగవ్వ ఆపింది.

"గిన్నెందుకు? పొయ్యి ముట్టియ్యి, ఈడనే తింట" అని అరుగు మీద కూర్చుంది.