ఆరు నిమిషాల కాళ్ళు

మా ఆయన ఒస్పాన్ మా కరగండ పట్టణంలో పెళ్ళివిందులకు మైకు పట్టుకునే మనిషి. హాలంతా కలయతిరుగుతూ అందర్నీ నవ్విస్తాడు. "ఎంత హుషారండీ!" అంటారు జనం. హుషారు నా బొంద! నడిస్తే బాగుంటాడు, కూర్చుంటే బాగుంటాడు. ఒక్కచోట నిలబడ్డాడా, నిమిషం తిరక్కుండా కాళ్ళు గజగజ వణుకుతాయి.

పెద్దమ్మాయి రౌషన్ అప్పగింతలనాడు వియ్యాలవారి పెద్దాయన దీవెన మొదలుపెట్టాడు. అది ముగిసేదాకా అరచేతులు చాచి నిలబడాలి, మా ఆచారం. చేతులు చాచాక ఇక దేన్నీ పట్టుకోవడానికి లేదు కదా! ఈయన సగంలోనే కుర్చీలో కూలబడ్డాడు. "పిల్ల తండ్రి తాగున్నాడు" అన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషిని! లోకులు కాకులు. నాలుగేళ్ళుగా రౌషన్ అత్తగారి నోట ఆ మాట పడుతూనే ఉంది.

ఇప్పుడు చిన్నది అక్బోతాకి పెళ్ళి కుదిరింది. "నాన్నా, నా దీవెనకైనా చివరిదాకా నిలబడతావా?" అని అడిగింది. మాంసం లేనిదే ముద్ద దిగని మనిషి, మూడు రోజులు దాన్ని ముట్టలేదు. అప్పుడు భయమేసింది నాకు. ఆస్పత్రికి లాక్కెళ్ళాను.

డాక్టరమ్మ సౌలే స్టెతస్కోపు గుండె మీద కాదు, పిక్క మీద పెట్టింది. "బాబాయ్, మీ కాల్లో హెలికాప్టర్ తిరుగుతోంది" అంది. నన్నూ వినమంది. నిజమే, దడదడమంటోంది! ఎక్కడో లక్షమందిలో ఒకరికి వచ్చే జబ్బట.

"కాళ్ళ తప్పు కాదు పిన్నీ, తలలో లయ తప్పింది. కోతా లేదు, సూదీ లేదు. తల వెనక అయస్కాంతం పెట్టి తడతాం. పనిచేస్తుందని మాత్రం మాటివ్వలేను. చేసినా కొంతకాలమే."

"ఉన్న నాలుగు జోకులూ ఎగిరిపోవు కదా తల్లీ?" అన్నాను.

"పోతే పోనీవే, అవీ పాతవేగా" అన్నాడు ఈయన.

మూడు వారాలు, పదిహేను సార్లు. వడ్రంగిపిట్ట మానును పొడిచినట్టు టకటకా ఒకటే చప్పుడు. ఇంటికొచ్చాక వంటింట్లో నిలబెట్టి గడియారం చూసేదాన్ని. మొదట్లో నలభై సెకన్లు. తర్వాత రెండు నిమిషాలు. చివరికి ఆరు. ఏడో నిమిషానికి మళ్ళీ హెలికాప్టరే.

అప్పగింతల రోజు మా వాకిట్లో, కారు పక్కన, వియ్యంకుడి అన్న గొంతు సవరించుకున్నాడు. ఏడు తరాల తాతల పేర్లతో అందుకున్నాడు మహానుభావుడు! రౌషన్ ఓరకంట గడియారం చూస్తోంది. మూడు నిమిషాలు, నాలుగు, ఐదు. "ఆమీన్!" అరచేతులతో ముఖాలు తుడుచుకున్నాం. ఒస్పాన్ నిటారుగా నిలబడే ఉన్నాడు. రౌషన్ పెళ్ళికొచ్చిన తన అత్తగారి కళ్ళలోకి తిన్నగా చూసింది, నాలుగేళ్ళలో మొదటిసారి.

"బతికించావు, ఇక కూర్చో" అని స్టూలు జరిపాను. వినలేదు. కారు కదిలింది. అక్బోతా కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది, ఈయనా ఊపుతున్నాడు. పాంటు అంచులు అదరడం మొదలైంది. వెనకెవరో "తాగాడా ఏంటి?" అని గొణిగారు.

"ఆరూ అయిపోయాయి, కూర్చోవయ్యా మొండి మనిషీ!" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

"ఉండవే," అన్నాడు, "కారింకా మలుపు తిరగలేదు."

స్టూలును అవతలికి తన్ని, ఆయన నడుంపట్టీ గట్టిగా పట్టుకుని పక్కనే నిలబడ్డాను.