అమ్మమ్మ చాపిన చెయ్యి

ఏటా జులైలో విమోచన దినం పండగకి మా ఊరి హాల్లో అమెరికా సైన్యం తీసిన పాత యుద్ధం సినిమా వేస్తారు. ఓడలు, ఫిరంగులు, పొగ అన్నీ అయ్యాక జపాన్ వాళ్ళ శిబిరంలోంచి బయటికొస్తున్న మా గువామ్ జనం కనిపిస్తారు. నవ్వుతూ అందరికంటే ముందు నడిచే పన్నెండేళ్ళ పిల్ల మా అక్క రెమెడియోస్. ఆమె చంకలో ముక్కు కారుతున్న వాణ్ణి నేను. నా జన్మకి అదొక్కటే సినిమా వేషం.

ఊళ్ళోవాళ్ళు అక్కని "సినిమా తారా" అని ఏడిపిస్తారు. తను మాత్రం ఒక్క ఏడూ కూర్చుని చూడలేదు. బొమ్మ మొదలయ్యేసరికి వంటపాకలో దూరి ఎర్రన్నం కలుపుతూ ఉంటుంది.

ఎందుకో నాకొక్కడికే చెప్పింది. ఆ రోజు దారి పక్కన అమ్మమ్మ కూర్చుని ఉందట. మాలో పెద్దవాళ్ళు ఎదురైతే వాళ్ళ చేతికి ముక్కు ఆనించి "న్యోరా" అనాలి. అనకుండా దాటిపోయినవాడు పశువు కింద లెక్క. అక్క వంగబోతూ అడుగు నెమ్మదించింది. కెమెరా పట్టుకున్న సోల్జరు ఆపి, ఎక్కడా నిలబడొద్దు, నవ్వుతూ తిన్నగా వెళ్ళిపో అని మళ్ళీ మొదటినుంచి నడిపించాడు. వాళ్ళు పెట్టిన బిస్కెట్టు ఇంకా నోట్లోనే ఉంది, కాదని ఎలా అంటుంది? తర్వాత ముక్కు ఆనించవచ్చులే అనుకుంది. సాయంత్రానికి అమ్మమ్మ పోయింది.

"ఆకలికి ఆవిడ కళ్ళు మసకబారిపోయాయిరా. నేను దాటిపోవడం చూసుండదు" అనేది అక్క. ఆ ఒక్క మాట పట్టుకుని యాభై ఏళ్ళు నెట్టుకొచ్చింది. సినిమాలో కూడా ఆమె అమ్మమ్మ దగ్గరికి రాగానే బొమ్మ మారిపోతుంది కాబట్టి, కాదనేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

ఈ ఏడు అమెరికా నుంచి కత్తిరించని రీలు వచ్చింది. సంగతి తెలిసి అక్క తనంతట తనే వచ్చి ముందు వరసలో కూర్చుంది. అమ్మమ్మ చూడలేదని కళ్ళారా చూసుకుంటే మనసు కుదుటపడుతుందని ఆమె ఆశ. నాకూ అదే ఆశ.

ఈసారి బొమ్మ మారలేదు. అక్క నవ్వుతూ దాటిపోయింది. వెనక అమ్మమ్మ చెయ్యి లేచింది. అలాగే గాల్లో ఉండిపోయింది. మేము ఎటు వెళితే అటు ఆ ముసలి మొహం తిరిగింది. ఆవిడ చూసింది, చూసి చెయ్యి కూడా చాపింది. ఎంతకీ ఎవరూ అందుకోకపోతే ఆ చెయ్యి మెల్లగా ఒళ్ళోకి జారింది.

అక్క లేచి తెర దగ్గరికి నడిచి వంగింది. అప్పటికే తెరమీదికి మళ్ళీ ఓడలు వచ్చేశాయి. ఆమె ముక్కు ఉత్త గుడ్డకి తగిలింది. హాల్లో ఎవరూ ఏడిపించలేదు. మిషను నడిపే టానో జాలిపడి, రీలు వెనక్కి తిప్పి అమ్మమ్మని మళ్ళీ చూపిస్తానన్నాడు.

అక్క తల అడ్డంగా ఊపింది.

"వద్దు నాయనా. ఆవిడ చేత మళ్ళీ చెయ్యి చాపించి, మళ్ళీ దాటిపోనా?"