తోడల్లుడి మోకాలు

వడ్రంగి మేస్త్రికి తన తోడల్లుడి మోకాలు బాగుపడటం అస్సలు నచ్చలేదు.

ఆ తోడల్లుడు బస్సు డ్రైవరు. మేస్త్రి భార్యకు సొంత అక్క మొగుడు. నిరుడు మెట్టెక్కాలంటే గోడ పట్టుకుని మూలిగేవాడు. మోకాలి కీలు అరిగిందని డాక్టరు చెప్పాక నెమ్మదిగా పొట్ట తగ్గించాడు. తొడ కండలు గట్టిపడే వ్యాయామం మొదలుపెట్టాడు. మేడ మీద కుండీల్లో అల్లం, పసుపు, వావిలి పెంచాడు. నొప్పి పుట్టినప్పుడల్లా వావిలాకు వెచ్చబెట్టి మోకాలికి కట్టుకునేవాడు. ఇప్పుడు మెట్లు గబగబా ఎక్కేస్తున్నాడు. వీధిలో ఎవరికి నడుం పట్టేసినా ఆయన గుమ్మంలోనే వాలుతున్నారు.

అదైనా మేస్త్రి ఓర్చుకునేవాడే. భార్య నోట "మా బావ, మా బావ" అన్న మాట వింటేనే ఒళ్ళు మండిపోయేది.

"మా బావ రోజూ ఆకుకూరా, పప్పూ తప్పకుండా తింటాడట. పెళ్ళినాటి చొక్కా మళ్ళీ పడుతోంది ఆయనకి!"

"చొక్కా సాగిపోయుంటుంది," అనేవాడు మేస్త్రి, చెక్కకు చిత్రిక పడుతూ.

సరిగ్గా ఆ రోజుల్లోనే అతని కాలి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. కొన్నాళ్ళు వేధించి మాయమయ్యేది, మళ్ళీ వచ్చేది. ఎర్రగా వాచిన ఆ వేలికి దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడేది. ఏమైందని భార్య అడిగితే చెక్క పడిందన్నాడు. నిజం చెబితే "మా బావని అడుగుదాం పదండి" అంటుంది. ఆ మాట వినడం కన్నా కుంటుకుంటూ తిరగడమే నయమనిపించింది.

పైగా పంతం పుట్టింది. ఆయన ఏడాదిలో తగ్గించిన పొట్ట తను నెలలో తగ్గించి చూపించాలి. పగలంతా పచ్చి గంగ ముట్టకుండా కడుపు మాడ్చుకునేవాడు. కీళ్ళకు బలమని తన వడ్రంగి షాపులో ఎవరో అంటే, సాయంత్రం హోటల్లో కూర్చుని కార్జం, గిన్నెడు ఎముకల రసం లాగించేవాడు. పొట్ట తగ్గింది. వేలు మాత్రం మరింత ఎర్రబడింది.

ఒక ఆదివారం డ్రైవరు ఇంట్లో భోజనాలు. భార్య మేడ మీద కుండీల దగ్గర బావతో నవ్వుతూ మాట్లాడుతోంది. మేస్త్రి మెట్లెక్కలేక కిందే కూర్చున్నాడు.

"మీరూ పైకి వెళ్ళొచ్చుగా మరిదిగారూ?" అంది వదిన.

"ఆకులు చూసి నోరూరడానికి నేనేమైనా మేకనా వదినా?"

అలా అన్నాడే గానీ, భోజనాలయ్యి అందరూ కునుకు తీస్తుంటే పళ్ళబిగువున మెట్లెక్కాడు. వావిలాకు గుప్పెడు దూసి జేబులో కుక్కుకున్నాడు.

మర్నాడు భార్య బజారుకెళ్ళగానే ఆకును పెనం మీద వెచ్చబెట్టి వేలికి కట్టాడు. అరిగిన మోకాలికి హాయినిచ్చిన వేడి, భగ్గుమంటున్న ఆ వేలికి నిప్పు మీద పెట్టినట్టయింది. అతని కేకకు ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. బజారు నుంచి వచ్చిన భార్య సంచీ కింద పడేసి మొదట చేసిన పని, బావకు ఫోన్ చేయడం.

డ్రైవరు కారు అడిగి తెచ్చాడు. జబ్బ పట్టుకుని లేపుతుంటే కట్టు ఊడి ఆకులు నేల మీద రాలాయి. ఆయన ఆకుల వంక చూశాడు, మేస్త్రి వంక చూశాడు. ఆకుల్ని కాలితో పక్కకు నెట్టి కారు దాకా నడిపించాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. కీలులోంచి కాస్త నీరు తీసి చూసింది. తిండి సంగతులూ, ఆకు కట్టు సంగతీ అన్నీ అడిగి తల పట్టుకుంది.

"మీ తోడల్లుడిది అరుగుదల. మీది గౌట్. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, సన్నటి పలుకుల్లా కీలులో పేరుకుంటుంది. కార్జం, ఎముకల రసం, నీళ్ళు లేని ఉపవాసాలు... మీరే దాన్ని పిలిచి పీట వేశారు. కీళ్ళ నొప్పులన్నీ ఒకటి కాదండీ. ఒకరి వైద్యం ఇంకొకరికి ఎలా పనికొస్తుంది?"

మందులు రాసింది. వాపు మీద ఐసు మూట పెట్టమంది, నీళ్ళు బాగా తాగమంది, బరువు మెల్లగా తగ్గమంది.

తిరిగొస్తుంటే డ్రైవరు అన్నాడు: "ఒక్క మాట అడగాల్సింది తమ్ముడూ. నాకు తెలియకపోయినా డాక్టరు దగ్గరికి పదమనేవాణ్ణి."

"మిమ్మల్ని అడగడం కన్నా నొప్పి భరించడమే తేలికనిపించింది అన్నయ్యా."

భార్య తల తిప్పి చూసింది.

మందులతో వేలు చల్లబడింది. కొన్నాళ్ళకు డ్రైవరు ఒంటరిగా షాపుకు వచ్చాడు.

"ఎత్తుగా, చేతులున్న కుర్చీ ఒకటి చేసిపెట్టు తమ్ముడూ. ఇంట్లోవి కురచ. లేవలేకపోతున్నాను."

"మీ మోకాలు తగ్గిపోయిందిగా?"

"అరిగింది మళ్ళీ మొలుస్తుందా? నొప్పి తగ్గింది, అంతే. నలుగురి ముందు మెట్లెక్కేస్తాను, తర్వాత గదిలో కూర్చుని కాలు పిసుక్కుంటాను. మీ వదినకి తెలుసు."

మేస్త్రికి సంతోషమేసింది. దాచడమెందుకు, కడుపు నిండా సంతోషమేసింది. ఆ వెంటనే, ఎదురుగా నిలబడ్డ మనిషి ఒక కాలి మీదే బరువు వేస్తున్నాడని కనిపించి, తల దించుకుని టేపు తీశాడు. మోకాలి ఎత్తు కొలిచాడు. మంచి కర్ర ఏరాడు. ఆనించిన చేతికి పట్టు దొరికేలా కుర్చీ చేతుల అంచులు గుండ్రంగా చెక్కి, నునుపు తేలేదాకా రుద్దాడు.

కుర్చీ వెళ్ళిన రోజు భార్య అక్కగారింటి నుంచి వెలిగిపోతూ వచ్చింది.

"రాజులా కూర్చున్నాడండీ మా బావ!"

మేస్త్రి మొహం ముడుచుకుంది.

"మా ఆయనే చేశాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను," అంది ఆమె.

అతను ఉలి పక్కన పెట్టాడు.

"అప్పుడు మీ బావ అక్కడే ఉన్నాడా? విన్నాడా?"