పోయిన వారం ఎవరితో ఆడాం?

రోండా లోయలోని రగ్బీ క్లబ్బులో ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు డాక్టర్లు కొట్టుకోబోతున్నారని ఊరంతా చెప్పుకుంది. నిజానికి అది చర్చ. చిన్నపిల్లల ఆటలో ట్యాకిల్ ఉండాలా వద్దా, అంటే బంతితో పరుగెత్తేవాణ్ణి నడుం పట్టుకుని నేలకూల్చడం వాళ్లకి నేర్పాలా అని.

మెదడు డాక్టరు మెరెరిద్ వద్దంటోంది. బడిలో ఆమెతో కలిసి చదువుకున్న గుండె డాక్టరు ఇద్వాల్ ఉండాలంటున్నాడు.

"నా దగ్గరికొచ్చే గుండెలన్నీ సోఫాలో కూర్చుని పాడైనవే! పిల్లల్ని ఆడనివ్వండి, ఢీకొననివ్వండి," అన్నాడు ఇద్వాల్. చప్పట్లు మోగాయి.

"గుండె గట్టిగా ఉండి ఏం లాభం, అది ఎవరిదో గుర్తులేకపోతే? నా దగ్గరికొచ్చే పాత ఆటగాళ్లలో పెళ్లాం పేరు మర్చిపోయినవాళ్లున్నారు," అంది మెరెరిద్.

"నేనైతే ఆడకుండానే మర్చిపోయా!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. హాలంతా ఘొల్లుమంది. తన పని అయిపోయిందని మెరెరిద్‌కి అర్థమైంది.

ఇద్వాల్‌కి హుషారెక్కింది. "పద్ధతిగా పడితే ఏమీ కాదు. రా మెరెరిద్, నన్ను పడగొట్టు, అందరూ చూస్తారు!"

ఆమె కాలేజీ రోజుల్లో రగ్బీ ఆడిందని అతనికి తెలీదు. ముసలి కోచ్ గ్లాన్మోర్‌కి తెలుసు. అతను సంబరంగా చాపలు పరిచాడు.

మెరెరిద్ బూట్లు విప్పింది, కళ్లజోడు పక్కన పెట్టింది. ఎన్నో ఏళ్లుగా అణచుకున్న సరదా ఒక్కసారి కాళ్లలోకి దిగింది. మరుక్షణం ఇద్వాల్ రెండు పాదాలూ గాల్లో ఉన్నాయి. పద్ధతిగానే పడ్డాడు గానీ, చాప అతని మెడ దగ్గరే అయిపోయింది. తల కుర్చీ కాలికి టక్కున తగిలింది.

"చూశారా, ఏమీ కాలేదు!" అంటూ లేచాడు.

"ఆగు. తలకి తగిలింది. మైదానంలో అయితే ఏం చేస్తారు గ్లాన్మోర్ గారూ?"

"బుర్ర సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ప్రశ్నలడుగుతామమ్మా."

"ఇద్వాల్, పోయిన వారం మనవాళ్లు ఎవరితో ఆడారు?" అనడిగింది మెరెరిద్.

ఇద్వాల్ జనం వైపు చూశాడు. "పక్క ఊరితో... కదూ?"

"గెలిచామా?"

"గెలిచే ఉంటాం!"

హాలు చల్లబడిపోయింది. సముద్రం ఒడ్డు ఊరివాళ్ల చేతిలో చిత్తుగా ఓడిన సంగతి ఉయ్యాల్లో పసివాడికి కూడా తెలుసు.

అతని కళ్లు చూడగానే మెరెరిద్‌కి తెలిసిపోయింది, మెదడుకేం కాలేదని. మహానుభావుడు మ్యాచ్‌లు చూడడు, అంతే. ఆ మాట చెప్పొచ్చు. చెప్పలేదు.

"అనుమానం ఉంటే బయట కూర్చోబెట్టాలి. మీ క్లబ్బు నియమమే," అంది గంభీరంగా.

"నాకేం కాలేదు! నేనసలు మ్యాచ్‌లే చూడను!" అని అరుస్తున్న ఇద్వాల్‌ని గ్లాన్మోర్ మోచెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లాడు.

"అయ్యో పాపం, దెబ్బ గట్టిదే," అంది ముందు వరుసలో ఒకావిడ.

ఓటు పెడితే, పిల్లలకి ట్యాకిల్ వద్దని చేతులు లేచాయి. కాస్త సిగ్గు, కాస్త నవ్వు కలిసి మెరెరిద్ టీ కప్పుతో బయటికెళ్లింది.

"నీకేం కాలేదులే," అంది, బెంచీ మీద దుప్పటి కప్పుకున్న ఇద్వాల్‌తో.

"ఎప్పుడు తెలిసింది?"

"ఓట్లకి ముందే."

"దొంగమొహమా!" అన్నాడు ఇద్వాల్. కానీ టీ పుచ్చుకున్నాడు.

ఇంతలో నలుగురు తల్లులు వచ్చి ఆమెని చుట్టుముట్టారు. "డాక్టరమ్మా, పిల్లల సంగతి సరే. ఆ పట్టు మాకు నేర్పుతారా?"

ఇద్వాల్ కప్పు పక్కన పెట్టి, చెవులు రిక్కించాడు.

తలదెబ్బల గురించి ఇందాక చెప్పినదంతా మెరెరిద్‌కి గుర్తుంది. భుజం కూడా సలుపుతోంది.

"గురువారం రండి," అంది. "చాపలు ఎక్కువ పరుద్దాం."