తొమ్మిదో గొయ్యి

ఉదయం పదిన్నరకు తొమ్మిదో గొయ్యి దగ్గర ఉన్నవారు వరుసగా వీరు. గట్టు మీద గొడుగు నీడలో, ఇల్లు కట్టించుకుంటున్న కంపౌండరు. అతని పక్కన, చెప్పులకు తడి తగలనంత దూరంలో కాంట్రాక్టరు. గొయ్యిలో, మోకాలిలోతు బురదలో, టేపు పట్టుకుని మేస్త్రి. మిక్సరు దగ్గర దాన్ని తిప్పేవాడు, కాంక్రీటు తట్టలు మోయడానికి వచ్చిన ముగ్గురు ఆడవాళ్లు. అందరికీ వెనుక, ఇంజను పక్కన గొంతుక్కూర్చున్న పంపు మనిషి. ఇతడు మేస్త్రికి స్వయాన బావమరిది. అందరూ డీజిల్ అని పిలుస్తారు. సరిహద్దుకు అవతల తన పెరట్లో జల్లెడ పట్టుకుని నిలబడిన పక్కింటి కుట్టుపని ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఇంటి వెనుక గదిలో మంచం దిగలేని ఆమె అత్తగారిని అసలే తీసుకోలేదు.

సముద్రానికి అరమైలు దూరంలోని పల్లపు నేల అది. పైనుంచి కిందిదాకా ఇసుకే. మూడడుగులు తవ్వితే నీరు పడుతుంది. పునాది ఐదడుగులు దిగాలి. అందువల్ల గొయ్యి చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, అడుగున చిల్లుల పీపా పాతి, అందులోంచి నీటిని ఇంజనుతో తోడుతూనే ఉండాలి. నీటితోపాటు ఇసుక లాక్కుపోకుండా పీపాకు సన్నని వల చుట్టి, చుట్టూ కంకర పోయాలి. వలకూ కంకరకూ కలిపి ఆరువేలవుతుందని విని, కాంట్రాక్టరు పాత గోనెసంచి ఒకటి చుట్టించాడు. మొదటి రోజు సాయంత్రానికే సంచి చిరిగింది. ఆనాటి నుంచి గొట్టం చివర పడుతున్నది సగం నీరు, సగం ఇసుక.

దాన్ని చూసి ముందుగా సంతోషించినది పక్కింటి ఆమె. వీధివారు ఆమెను మిషనమ్మ అనేవారు. ఇంటాయన సరుకు లారీల మీద తిరుగుతూ నెలకొకసారి ఇంటికి వచ్చేవాడు. ఆ ఇంటి గోడలకు పదకొండేళ్లుగా పూత లేదు.

"తమ్ముడూ, ఆ నీళ్లు ఎటూ వీధి పాలేగా," అని ఆమె పంపు మనిషిని అడిగింది. "గొట్టం కాస్త నా పెరటివైపు తిప్పావంటే ఇసుక ఆగుతుంది, నీళ్లు వాటి దారిన అవి పోతాయి. నీకు రెండు పూటలా టీ నాది."

అతడు తిప్పాడు. మూడో రోజుకు ఆ పెరట్లో కుప్ప ఛాతీ ఎత్తున లేచింది. తక్కువలో తక్కువ రెండు బండ్ల ఇసుక. చొక్కాకు ఎనభై చొప్పున కుట్టే ఆమెకు అది వంద చొక్కాల కష్టం. మిషను పని పక్కన పెట్టి ఆమె దాన్ని జల్లించసాగింది.

"వదినా, నీ పెరడు బాగా ఒళ్లు చేసింది," అన్నది తట్టలవాళ్లలో పెద్దది. "మాక్కూడా ఓ పిడికెడు పెట్టరాదా?"

"మీ కాంట్రాక్టరుకి పెడతాను, నోట్లో," అన్నది మిషనమ్మ, ఇంజను మోతలో అతనికి వినబడదన్న ధైర్యంతో.

లోపలి నుంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఏమే, మంచం మళ్లీ గోడవైపు నడిచిందే."

"మీరెటూ నడవరు, అదైనా నడవనివ్వండి అత్తయ్యా. సాయంత్రం దాని కాలి కింద ఇంకో కాగితం మడత పెడతాను."

ఆడవాళ్లు నవ్వారు. ఇంజను పక్కనున్న మనిషి కూడా నవ్వాడు.

అదే సమయానికి మేస్త్రి టేపు చుట్టి పైకి కేకేశాడు. "ఆరుకు ఆరు. లోతు ఐదు. మొన్న ఎంతుందో అంతే, అంగుళం తేడా లేదు. పోసెయ్యొచ్చు."

డీజిల్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. అతడు గొయ్యిని చూశాడు, కుప్పను చూశాడు, మళ్లీ గొయ్యిని చూశాడు.

"బావా, ఇంకోసారి కొలువు."

"కొలిచే కొద్దీ పెరగడానికి ఇదేమన్నా మీ అక్క కోపమా? ఎన్నిసార్లు కొలిచినా ఆరే."

"గొయ్యి పెరగలేదు కదా. మరి ఆ రెండు బండ్ల ఇసుక ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

మేస్త్రి గోడవైపు చూశాడు. గొయ్యికీ, పెరటి పక్కనే ఉన్న మిషనమ్మ వెనుక గది గోడకూ మధ్య దూరం రెండడుగులు.

పంపు మనిషి మిగులు ఊచల్లోంచి ఒక చువ్వ తీసుకుని ఆ గోడ మొదట్లో ఏటవాలుగా ఆనించాడు. గట్టి ఇసుకలోకి అది జానెడు దిగాలన్నా సుత్తి కావాలి. అతని అరచేతి బరువుకే మూడడుగులు పోయింది. అవతల దానికి ఏమీ తగలలేదు.

"అదేంటి తమ్ముడూ, నా గోడని పొడుస్తున్నావు?" అన్నది మిషనమ్మ.

"అక్కా, ఆ కుప్ప నీదే. నీ గోడ కిందిది."

"నా గోడ కింద ఇసుక నా గోడ కిందే ఉంటుంది కదా."

"లేదక్కా. మూడు రోజులుగా నేను తోడుతున్నాను, నువ్వు జల్లిస్తున్నావు."

ఆమె చువ్వను చేత్తో పట్టుకుని ఆడించి చూసింది. అది అటూ ఇటూ సులువుగా కదిలింది. తరువాత ఆమె జల్లెడను ఎక్కడ పెట్టాలో తెలియనట్లు పట్టుకుని నిలబడింది.

కాంట్రాక్టరు గొంతు పెంచలేదు. "ఇలా రా. నా దగ్గర ఎన్నేళ్లుగా చేస్తున్నావు?"

"ఆరేళ్లు సార్."

"ఈ ఆరేళ్లలో ఎప్పుడైనా నిన్ను ఇంజనీరుగా పెట్టుకున్నానా?"

"లేదు సార్. ఈ ఒక్క రోజు ఆపి కంకర తెప్పించండి. పీపా తీసి సరిగ్గా దించుతాను. మూడు రోజుల కూలీ నాకివ్వొద్దు."

"ఆపితే అరగంటలో గొయ్యి నిండుతుంది. బస్తాలు జారతాయి, కట్టిన ఊచలన్నీ బురదలో కూరుకుపోతాయి. మళ్లీ తవ్వేది ఎవడు, మీ బావా? పోయడానికి రెండు గంటలు, బిగియడానికి నాలుగు గంటలు. ఆరు గంటలు ఆ ఇంజను నడుపు. తరువాత నీ నీతులు వింటాను."

డీజిల్ కంపౌండరు వైపు తిరిగాడు. కంపౌండరు దుర్మార్గుడు కాడు. ఆ వీధిలో ఎందరికో డబ్బు తీసుకోకుండా ఇంజక్షన్లు చేసినవాడు. పక్కింటి ముసలామె పుండుకు కట్టు కట్టినవాడు. "నెలాఖరుకి అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాలి బాబూ," అన్నాడు. "ఉన్నదంతా ఈ తొమ్మిది గోతుల్లో పోశాను. వాళ్ల గోడ పోవాలని నేను కోరుకుంటానా?" ఇలా అన్నంతసేపూ అతడు సరిహద్దు అవతలికి చూడలేదు.

పంపు మనిషి తిరిగి వచ్చి ఇంజను పక్కన తన స్థానంలో కూర్చున్నాడు. మిక్సరు తిరగడం మొదలైంది. మొదటి తట్ట నెత్తికెత్తారు. అప్పుడతడు చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు.

దాన్ని చూసి మిక్సరు వాడు కూడా తన యంత్రాన్ని ఆపాడు. మూడు రోజుల తరువాత ఆ స్థలంలో నిశ్శబ్దం ఏర్పడింది. ఆ నిశ్శబ్దంలో అందరికీ ఒక చప్పుడు వినిపించింది. గోడ కింద ఇసుక జారుతున్నది. ఇటుకల సందుల్లోంచి మట్టి పలుకులు పలుకులుగా రాలుతున్నది.

"ఇదేనే," అన్నది లోపలి గొంతు, ఏమాత్రం ఆశ్చర్యం లేకుండా. "ఈ చప్పుడు గురించే మూడు రోజులుగా మొత్తుకుంటున్నాను. మతి పోయిందన్నావు."

తట్టలవాళ్లు ఎవరి ఆజ్ఞా లేకుండానే తట్టలు దించి పరుగెత్తారు. మంచం గుమ్మంలో పట్టలేదు. ఏటవాలుగా తిప్పి, ముసలామెను జారకుండా పట్టుకుని వీధిలోకి తెచ్చారు. రెండోసారి వెళ్లి కుట్టుమిషను తెచ్చారు. మూడోసారి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

గొయ్యిలో నీరు మేస్త్రి తొడల దాకా వచ్చింది.

"ఇంజను తిప్పు," అన్నాడు కాంట్రాక్టరు అతనితో. "లేకపోతే నువ్వు కూడా మీ బావమరిదితో పాటే బయల్దేరు."

మేస్త్రి పైకెక్కి హ్యాండిలు అందుకున్నాడు. డీజిల్ ఇంజనుకు అడ్డంగా నిలబడ్డాడు.

"బావా, వద్దు."

"ముగ్గురు పిల్లలురా," అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా. "మీ అక్క పిల్లలే."

డీజిల్ పక్కకు జరిగాడు. కంపౌండరు గడియారం ప్రకారం ఇంజను ఆగి ఉన్నది పదకొండు నిమిషాలు. మంచం మోసిన ముగ్గురు ఆడవాళ్లే తిరిగి వచ్చి తట్టలు ఎత్తుకున్నారు. రోజుకు నాలుగువందల యాభై. సగంలో మానేస్తే అదీ ఉండదు. మధ్యాహ్నం రెండింటికి, కాంక్రీటు పోయడం అయిపోతున్న వేళ, మిషనమ్మ వెనుక గోడ నడుముకు విరిగి, రేకులతో సహా ఆ గదిలో కూలబడింది.

సాయంత్రం కాంట్రాక్టరు ఒక కాగితం రాయించి తెచ్చాడు. పంపు మనిషి తన ఇష్టానుసారం ఇంజను ఆపినందువల్ల నీరు ఒక్కసారిగా ఉబికి గోడ కూలిందనీ, ఇందులో ఇతరుల బాధ్యత ఏమీ లేదనీ దాని సారాంశం. సంతకం పెడితే వెయ్యి ఇటుకలు, పది బస్తాల సిమెంటు దయతో ఇస్తానన్నాడు.

మిషనమ్మ రెండుసార్లు చదివింది. "ఇతనే కదండీ మా అత్తయ్యని బతికించింది. దీని మీద సంతకం నేనెలా పెట్టను?"

"పెట్టకపోతే నాకేం బలవంతం లేదమ్మా. ఇటుకలు ఇంకో చోటికి పోతాయి."

పని పోయినా డీజిల్ ఇంకా వెళ్లలేదు. విరిగిన రేకులను ఒక పక్కకు లాగుతున్నాడు. చేతులు దులుపుకుని వచ్చాడు.

"పెట్టక్కా."

"అబద్ధం కదా తమ్ముడూ."

"అబద్ధమే. కానీ వానల్లోపు గోడ లేస్తుంది. ముసలామెని వీధిలో ఎన్నాళ్లు పడుకోబెడతావు? నాకేం, ఇంజన్లున్న చోటల్లా పనే."

కాంట్రాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు. ఆమె అతని ముఖం చూడలేక, మిషను బల్ల మీద కాగితం పెట్టి సంతకం చేసింది.

ఆ కాగితం కాంట్రాక్టరు వద్ద భద్రంగా ఉన్నది. ఆ వీధిలో నేటికీ చెప్పుకునేది అందులో ఉన్న మాటే. కనుక జరిగినది జరిగినట్లు చెప్పడం అవసరం. గోడ కింది ఇసుక మూడు రోజులపాటు ఆగకుండా నడిచిన ఇంజను వల్ల పోయింది. ఆ ఇంజను ఆగి ఉన్న పదకొండు నిమిషాలలో ఒక వృద్ధురాలు ప్రాణాలతో బయటపడింది. దాన్ని ఆపినవాడు పంపు మనిషి. ఎవరూ కోరకుండా, తన జీవనోపాధి పోతుందని తెలిసి, తన చేతితో ఆపాడు. ఆ పని అతనిదేనని ఇందుమూలంగా అంగీకరించడమైనది.