పన్నెండో గుండుసూది

పోతూ పోతూ మా ఆయన నాకు రెండు అప్పజెప్పి పోయాడు: హెచ్‌ఐవీ, వాళ్ళక్క. మొదట్లో ఈ రెంటిలో ఏదంటే ఎక్కువ భయమని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

వదిన గుడ్డ కత్తిరిస్తుంది, నేను మిషన్ మీద కుడతాను. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే మా షాపులో ఆవిడ పెట్టిన చట్టాలు రెండు. తెల్లగుడ్డ మాసిపోతుందని లోపలికి చెప్పులు నిషేధం. సాయంత్రం షట్టర్ దించేముందు గుండుసూదులు లెక్కపెట్టాలి. పన్నెండుకి ఒక్కటి తగ్గినా, ఏ పిల్ల చొక్కాలో ఉండిపోయిందోనని కుట్టినవన్నీ విప్పి దులపాల్సిందే.

నా పాదాలు మండటం మొదలై ఏడాదైంది. నిప్పుల మీద నిలబెట్టినట్టుండేది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. విచిత్రమేమిటంటే, అదే పాదానికి మిషన్ పెడల్ మాత్రం సరిగా తెలిసేది కాదు. కుట్టు ఒకచోట ఉరికేది, ఒకచోట నత్తనడక.

"ధ్యాస ఎక్కడే?" అని వదిన దెప్పేది.

నేను నోరు విప్పలేదు. రోజూ వేసుకునే మందులు పనిచేయడం మానేశాయని, జబ్బు మళ్ళీ లేచిందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. మందులకి వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ "ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే, "ఏం లేదండీ" అనేదాన్ని. చెప్పకపోతే చావు దారి తప్పిపోతుందన్నట్టు! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఓ సాయంత్రం సూదులు పదకొండే తేలాయి. నలభై చొక్కాలు దులిపాం. నేలంతా వదినే ఊడ్చింది. చివరికి వదిన నా మిషన్ కిందికి వంగి, అక్కడే ఆగిపోయింది. పన్నెండోది నా అరికాల్లో దిగి ఉంది. పెడల్ మీద రక్తం ఎండిపోయింది.

"ఇంత దిగితే తెలియలేదా?"

"తెలియలేదు వదినా. మంట మాత్రం తెలుస్తుంది," అని ఏడుస్తూ ఏడాదిగా దాచిందంతా కక్కేశాను. ఆవిడ తిట్టలేదు. దాంతో ఇంకా భయమేసింది.

మర్నాడు షాపు మూసి నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ గాయానికి కట్టు కట్టించి, నన్ను కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగుతో అరికాళ్ళు తాకింది. తాకినప్పుడల్లా చెప్పమంది. నేను రెండుసార్లు చెప్పాను. పదిసార్లు తాకిందట.

"మందులు చక్కగా పనిచేస్తున్నాయమ్మా. మొన్నటి పరీక్షలో వైరస్ కనపడనంత తక్కువగా ఉంది. మందులు మొదలుపెట్టకముందు అది లోపల వాపు రేపి నరాల్ని దెబ్బతీసింది. కొందరికి ఆ దెబ్బ ఇలా ఆలస్యంగా బయటపడుతుంది. పాదాలకి వెళ్ళే నరాలు అన్నిటికన్నా పొడుగు, అందుకే ముందు అవే పాడవుతాయి. ఇప్పుడవి తగిలింది చెప్పవు, లేని మంట చెప్తాయి."

"అయితే నేను చావనా?"

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "అందరం చస్తాం. నీకు మాత్రం ఇప్పట్లో తీరిక లేదు, బోలెడు చొక్కాలున్నాయి."

ఏడాదిలో మొదటిసారి ఆ రోజు నవ్వాను.

నరాల నొప్పికి వేరే మాత్రలు రాసింది డాక్టరమ్మ. మంట పూర్తిగా పోకపోవచ్చు గానీ తగ్గుతుందంది. ఉత్తకాళ్ళతో అడుగు వేయొద్దని, రోజూ పాదాలు చూసుకోవాలని చెప్పింది. ఉత్తకాళ్ళ మాట వినగానే వదిన ముఖం పాలిపోయింది. చట్టం ఆవిడదే కదా.

దారిలోనే మెత్తటి బూట్లు కొంది. షాపు గుమ్మంలో అలవాటుకొద్దీ విప్పబోయాను.

"విప్పావంటే ఊరుకోను!"

"తెల్లగుడ్డ మాసిపోతుందేమో వదినా..."

"మాస్తే ఉతుకుతాను. నువ్వు లోపలికి నడు."

ఇప్పుడు మంట సగం తగ్గింది. రోజూ సాయంత్రం సూదుల లెక్కయ్యాక, వదిన కళ్ళజోడు పెట్టుకుని నా పాదాలు ఒళ్ళోకి లాక్కుంటుంది. వేళ్ళ సందులు కూడా విడదీసి చూస్తుంది.

"పెద్దవారు, నా కాళ్ళు పట్టుకోవడమేంటి వదినా?" అంటే, "నోర్మూసుకుని కదలకుండా కూర్చో," అంటుంది.

మా ఆయన మీద నాకింకా కోపమే. కానీ ఈ అక్కని ఇచ్చి పోయినందుకు మాత్రం రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

"పన్నెండు సూదులు, రెండు పాదాలు," అంటూ వదిన కళ్ళజోడు తీస్తుంది. "సరిపోయాయి. షట్టర్ దించు."