గ్రెయిన్స్ లేని ఫోటో

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకంటే మంచి ఫోటోగ్రాఫర్లు ఉండొచ్చు. నాకంటే పొగరున్నవాడు మాత్రం లేడు. ఈ గజేందర్ తీసిన పెళ్లి ఆల్బమ్‌లో భూతద్దం పెట్టి వెతికినా ఒక్క గ్రెయిన్ దొరకదని పందెం కాసేవాణ్ణి. కెమెరాలో ఐఎస్ఓ పెంచితే తక్కువ వెలుతురులోనూ మనుషులు కనిపిస్తారు. కానీ ఫోటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు పడతాయి. వాటినే మేము గ్రెయిన్స్ అంటాం. అవంటే నాకు ఒళ్లు మంట. అందుకే ఐఎస్ఓను నాలుగు వందలు దాటనిచ్చేవాణ్ణి కాదు. వేదిక మీదికి ఫ్లాష్ కొట్టేవాణ్ణి, పెళ్లికూతురు మెరిసిపోయేది. వెనక నిలబడ్డవాళ్లు చీకట్లో కలిసిపోతే నాకేం?

మొన్న బుధవారం ఎల్బీనగర్ నుంచి సుజన వచ్చింది. ఆరేళ్ల కిందట కర్మన్‌ఘాట్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఆమె పెళ్లి ఫోటోలు తీసింది నేనే. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా అమ్మ పోయింది అన్నా. ఆదివారం దినాలు. ఫోటో కావాలె."

వాళ్లమ్మ పెంటమ్మ గడ్డిఅన్నారం మార్కెట్‌లో బత్తాయిలు ఏరి ఒక్కతే కూతురిని పెంచింది. భర్త పోయాక ఫోటో తీద్దామని ఎవరు ఫోన్ పైకెత్తినా ముఖం తిప్పుకునేదట. ఆధార్ కార్డు ఫోటో ఉంటుంది కదా అన్నాను.

"గది పెట్టను. నా పెండ్లిల ఉన్నది కావాలె. ఒక్కటన్న ఉంటది, జర సూడు."

నేను కంప్యూటర్ ముందు కూర్చుని వెతుకుతుంటే ఆమె నా వెనక నిలబడి చెప్పుకుపోయింది.

"మొగుడు పోయినామె పెండ్లిల ముందుకు రావద్దంటరు గద. కన్యాదానం పెదనాయన, పెద్దమ్మ చేసిండ్రు. నాకు మనసున పట్టలే. తలంబ్రాలప్పుడు మెట్ల కాడికొచ్చి నా కండ్ల ముందర నిలబడాలె అని అమ్మతోని ఒట్టు పెట్టించుకున్న. సరే బిడ్డా అన్నది. తలెత్తి సూస్తే ఎక్కడ్నో గోడ కాడుంది. నలుగురికి భయపడి నా మాట తీసేసింది. ఏడాది మాట్లాడలే అన్నా. ఫోన్ చేస్తే కట్ చేసిన. తర్వాత మాట్లాడిన గని గా కోపం లోపల అట్లనే ఉన్నది."

ఒక ఫోటోలో గోడ పక్కన ఆకారం దొరికింది. వెలుతురు పెంచాను. చీకటిని ఇప్పుడు పైకి లాగితే అందులో ఉన్న చెత్తంతా దాంతోపాటే లేస్తుంది. ముఖం నిండా ఎర్రటి, పచ్చటి చుక్కలు. ఆ రోజే ఐఎస్ఓ పెంచి ఉంటే నాలుగు చుక్కలతో పోయేది, మనిషి దక్కేది. సాఫ్ట్‌వేర్‌తో తుడిచి చూశాను. చుక్కలతోపాటు ముడతలూ పోయి మైనపు బొమ్మ తయారైంది.

"గీమె మా అమ్మ గాదు," అంది సుజన. "నవ్వుతున్నదా, ఏడుస్తున్నదా అన్నా?"

"తెలుస్తలేదు చెల్లె."

ఆమె కుర్చీలో కూలబడింది. నా మీద నాకే చిరాకేసి, చివరి ఆశగా పనికిరాని ఫోటోలు పడేసిన ఫోల్డర్ తెరిచాను.

తలంబ్రాల ఫోటో. వేదిక మెట్టు మీద, ఫ్రేముకు సగం అడ్డంగా పెంటమ్మ. నా ఫ్లాష్ నేరుగా ఆమె మీదే పడింది. కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు, ఒక్క గ్రెయిన్ లేదు. దోసిలి నిండా అక్షింతలు పట్టుకుని, కూతురిని చూస్తూ నోరారా నవ్వుతోంది. తర్వాతి ఫోటోలో నా వైపు తిరిగింది. నవ్వు లేదు. ఒక కాలు కింది మెట్టు మీదుంది. ఆ తర్వాతి దాంట్లో ఆమే లేదు.

ఆ క్షణం నాకు గుర్తులేదు. గుర్తుండే అవసరమూ లేదు. ఫ్రేములోకి ఎవరొచ్చినా ఇరవై ఏళ్లుగా నా నోట వచ్చేది ఒకే మాట.

సుజన ఇంకా తెర వైపు చూడలేదు. మొదటి ఫోటో ప్రింట్ తీసిచ్చి, రెండోది చెరిపేయొచ్చు. నా చేయి మౌస్ మీదికి పోయింది కూడా. కానీ మెట్టు దాకా వచ్చి కూడా భయపడి వెనక్కి పోయిందనుకుని, ఆ తల్లి మీద కోపం అట్లాగే మిగిలిపోతుంది.

"చెల్లె, మీ అమ్మ మాట తప్పలే," అన్నాను. "మెట్ల కాడికి వచ్చింది. పక్కకు జరుగమ్మా, ఫోటో ఖరాబైతున్నది అని ఎనుకకు పంపింది నేనే."

రెండు ఫోటోలూ చూపించాను. తిడుతుందని తల వంచుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మరి నాకెందుకు చెప్పలే?" అంది. "ఫోటోలాయన జరగుమన్నడు బిడ్డా అంటే అయిపోవు గద."

ఎందుకు చెప్పలేదో నాకు అర్థమైంది. జీవితమంతా ఎవరో ఒకరు జరగమంటూనే ఉన్న మనిషికి అదొక చెప్పుకునే విషయంలా తోచి ఉండదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సుజన తెర దగ్గరికి వంగి తల్లి దోసిలిని వేలితో తాకింది.

"అయితే గీ అక్షింతలు నా మీద పడనే లేదన్నట్టు," అని ఏడ్చింది.